పంప్‌హౌస్ గొయ్యి కేసు: 832 యూనిట్ల క్లెయిమ్‌లో 163 ఎలా నిలిచింది

నీటి శుద్ధి కేంద్రంలో భాగమైన పంప్‌హౌస్ పని 115 రోజులు ఆలస్యంగా ముగిసింది. కాంట్రాక్టర్ 118 రోజుల గడువు పొడిగింపు, దాంతోపాటు 831.98 యూనిట్ల అదనపు చెల్లింపు కోరాడు. యజమాని సంస్థ ఒక్క రోజు కూడా ఒప్పుకోలేదు. మొత్తం 115 రోజులకూ ఆలస్యపు డ్యామేజెస్ (పరిహారం) కింద 690 యూనిట్లు బిల్లులోంచి కోసేసింది. ఒప్పందం ప్రకారం వివాదాలు తేల్చే డిస్ప్యూట్ బోర్డు చివరికి 76 రోజులు, 163.10 యూనిట్లు ఇచ్చింది. ఏ అంకె ఎందుకు నిలిచింది, ఏది ఎందుకు పడిపోయింది అన్నదే ఈ కేస్ స్టడీ.

ఇది ఏ ఒక్క ప్రాజెక్టు కథా కాదు. ఇలాంటి పనుల్లో తరచూ తలెత్తే వివాదాలను ఒక పంప్‌హౌస్ చుట్టూ అమర్చి, లెక్కను చివరిదాకా పట్టి చూపడానికి వీలుగా అంకెలు ఎంచుకున్నాం. కరెన్సీ బదులు యూనిట్లు వాడాం. ఒప్పందపు క్లాజులు మాత్రం అసలువే: కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ ప్రచురించిన నమూనా ఒప్పందం, 1999 రెడ్ బుక్.

పని, ఒప్పందం

ఒప్పంద విలువ 12,000 యూనిట్లు, గడువు 540 రోజులు. ఆలస్యానికి రోజుకు 0.05 శాతం, అంటే 6 యూనిట్లు. గరిష్ఠం 10 శాతం. బిల్ ఆఫ్ క్వాంటిటీస్ (పని పరిమాణాలు, రేట్ల పట్టిక) ప్రకారం కొలిచి చెల్లించే ఒప్పందం. డిజైన్ యజమానిది. పనిని పర్యవేక్షించి క్లెయిముల మీద నిర్ణయం చెప్పేది యజమాని నియమించిన ఇంజనీర్.

ప్రోగ్రామ్‌లో క్రిటికల్ పాత్, అంటే ఆలస్యమైతే పూర్తి తేదీనే జరిపే పనుల వరుస, పంప్‌హౌస్ మీదుగానే వెళ్తుంది. 30వ రోజున స్థలం అప్పగింత, 5 రోజులు ఫెన్సింగ్, సర్వే, 45వ రోజున తవ్వకం మొదలు, 40 రోజుల్లో 9 మీటర్ల గొయ్యి పూర్తి, 3 రోజులు పి.సి.సి. (అడుగున సాదా కాంక్రీటు పొర), 88వ రోజున రాఫ్ట్ (పునాది పలక) స్టీలు. ఈ తేదీలు గుర్తుంచుకుంటే తర్వాతి లెక్కంతా సులువు. రాఫ్ట్ స్టీలు నిజానికి మొదలైంది 178వ రోజున. మధ్యలో పోయిన 90 రోజుల మీదే గొడవంతా. మిగిలిన 25 రోజులు చివరి దశలో కాంట్రాక్టర్ సొంత కారణాలతో పోయాయి. వాటి గురించి వాదన లేదు.

స్థలం: 42 రోజులు అడిగి 32 తెచ్చుకోవడం

30వ రోజున ఇవ్వాల్సిన స్థలం 72వ రోజున చేతికొచ్చింది. ఇది క్లాజ్ 2.1 కిందికి వస్తుంది: గడువు పొడిగింపుతోపాటు ఖర్చు, దాని మీద సముచిత లాభం కూడా ఇవ్వాలి. నోటీసు 34వ రోజునే వెళ్లింది, ఆ విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు.

కాంట్రాక్టర్ 72 లోంచి 30 తీసేసి 42 రోజులు రాశాడు. అతని సొంత ప్రోగ్రామే అతనికి అడ్డం తిరిగింది. తవ్వకం మొదలవ్వాల్సింది 45న, దానికి ముందు కావాల్సిన సన్నాహం 5 రోజులే. అంటే స్థలం 40వ రోజున వచ్చినా సరిపోయేది. ఆ 10 రోజులు ఫ్లోట్, అంటే పూర్తి తేదీ కదలకుండా వాడుకోగల వెసులుబాటు. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు ఫ్లోట్ ప్రాజెక్టుది, ఎవరికి ముందు అవసరం పడితే వాళ్లు వాడుకుంటారు. ఇంగ్లండ్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వారి డిలే అండ్ డిస్‌రప్షన్ ప్రోటోకాల్ చెప్పేదీ ఇదే. క్రిటికల్ పాత్ మీద పడ్డ దెబ్బ 32 రోజులు. బోర్డు అంతే ఇచ్చింది.

ఫ్లోట్ తనకే కావాలనుకునే కాంట్రాక్టర్ దాన్ని ప్రోగ్రామ్‌లో ఒక పనిగా చూపించాలి. ఇక్కడ ఆ 10 రోజుల్లో యంత్రాలు దించడం, నీళ్లు తోడే పంపులు అమర్చడం లాంటివి నిజంగానే ఉన్నాయి. వాటిని బార్లుగా గీయకుండా ఖాళీ వదిలేశారు. ప్రోగ్రామ్ సమర్పించిన రోజున పది నిమిషాలు పెట్టి ఉంటే 10 రోజులు మిగిలేవి.

రాయి: అసలు పోరు ఇక్కడే

తవ్వకం 77వ రోజున మొదలైంది. సాయిల్ రిపోర్ట్ ప్రకారం రాయి 7.5 మీటర్ల లోతున రావాలి. 90వ రోజున 4.2 మీటర్ల దగ్గరే తగిలింది. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో రాతి తవ్వకం 1,800 ఘనపు మీటర్లు. అసలు తీసింది 4,600. గొయ్యి 117న పూర్తి కావాల్సింది 155 దాకా సాగింది: 38 రోజులు.

క్లాజ్ 4.12 ముందుగా ఊహించలేని భౌతిక పరిస్థితుల గురించి. గడువు, ఖర్చు ఇస్తుంది, లాభం ఇవ్వదు. ఇందులో కాంట్రాక్టర్ దాటాల్సినవి రెండు: టెండర్ నాటికి అనుభవమున్న కాంట్రాక్టర్ దీన్ని ఊహించగలిగేవాడా, నోటీసు సకాలంలో వెళ్లిందా.

మొదటిది. రిపోర్ట్‌లో ఆరు బోర్‌హోల్స్ ఉన్నాయి. పంప్‌హౌస్‌కి దగ్గరగా ఉన్నది 60 మీటర్ల దూరంలో ఉంది. గొయ్యి ఉత్తరం అంచుకు ఆనుకుని రాయి నేల మీదికే తేలి కనిపిస్తోంది. టెండర్ సమయంలో సైట్ చూసినప్పటి ఫొటోల్లో కూడా ఉంది. "రిపోర్ట్‌లో 7.5 అని ఉంది, మేం అదే నమ్మాం" అన్నది కాంట్రాక్టర్ వాదన. ఈ వాదన ఒక్కటే సరిపోదని జిబ్రాల్టర్ విమానాశ్రయ రన్‌వే కింది టన్నెల్ కేసులో తేలింది. ఓబ్రాస్కాన్ సంస్థకూ జిబ్రాల్టర్ ప్రభుత్వానికీ నడిచిన ఆ వ్యాజ్యంలో 2014లో ఇంగ్లండ్ టెక్నాలజీ అండ్ కన్‌స్ట్రక్షన్ కోర్టు, 2015లో అప్పీల్ కోర్టు ఒకే మాట చెప్పాయి: అనుభవమున్న కాంట్రాక్టర్ తన చేతికొచ్చిన నివేదికను ఉన్నదున్నట్టు పట్టుకుని కూర్చోకుండా, అందుబాటులో ఉన్న సమాచారమంతా చూసి తన సొంత అంచనా వేసుకోవాలి.

బోర్డు గొయ్యిని గ్రిడ్ లైన్ల వారీగా విడదీసింది. రాయి పైకి కనిపించే ఉత్తర భాగం, అంటే ఎ, బి గ్రిడ్‌ల మధ్యది, ఊహించదగ్గదే. సి నుంచి ఎఫ్ దాకా ఊహించలేనిది. అదనంగా వచ్చిన 2,800 ఘనపు మీటర్లలో 1,750 ఈ దక్షిణ భాగానివి. 38 రోజుల్లో ఆ నిష్పత్తి 23.75; దాన్ని 24 చేశారు. ఇలా విడదీయడం సాధ్యమైంది ఒకే ఒక్క కారణంతో: బ్రేకర్ (రాయి పగలగొట్టే యంత్రం) ఆపరేటర్ల రోజువారీ షీట్లలో గ్రిడ్, లెవెల్ ఉన్నాయి. ఒక షీట్‌లో వరుస ఇలా ఉంది:

"బ్రేకర్ 2. ఉదయం 7.30 నుంచి 11.10. గ్రిడ్ సి–డి / 4. లెవెల్ మైనస్ 5.1. గట్టి రాయి, పగుళ్లు లేవు. ఉలి మార్పు 20 ని. నికర పని 3 గం. 20 ని. తీసింది 14 ఘ.మీ. (ట్రిప్పులు 2). సంతకాలు: సైట్ ఇంజనీర్, ఇంజనీర్ ప్రతినిధి."

ఈ ఒక్క వరుసలో యంత్రం, చోటు, లోతు, రాయి గుణం, ఆగిన కారణం, పరిమాణం, రెండు పక్షాల సాక్ష్యం అన్నీ ఉన్నాయి. "రాతి తవ్వకం కొనసాగుతోంది, బ్రేకర్లు 2, కూలీలు 18" అని రాసే డైలీ రిపోర్ట్‌తో పోల్చి చూడండి. రెండోదానితో ఉత్తరం, దక్షిణం విడదీయడం ఎవరి తరమూ కాదు. అప్పుడు బోర్డు ముందు రెండే దారులు ఉండేవి: మొత్తం ఇవ్వడం, లేదా ఏమీ ఇవ్వకపోవడం. రుజువు భారం క్లెయిమ్ చేసేవాడిదే కాబట్టి ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

రెండోది నోటీసు. క్లాజ్ 20.1 ప్రకారం ఘటన తెలిసిన, లేదా తెలియాల్సిన, రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే గడువూ రాదు, డబ్బూ రాదు. రాయి తగిలింది 90న, గడువు 118తో సరి. నోటీసు వెళ్లింది 127న. తొమ్మిది రోజులు ఆలస్యం.

93వ రోజున సైట్ ఇంజనీర్ ఒక మెయిల్ పంపాడు: "గొయ్యిలో రాయి వచ్చింది, జాయింట్ లెవెల్స్ తీసుకోవడానికి మనిషిని పంపండి." కాంట్రాక్టర్ దీన్నే నోటీసుగా చూపాడు. ఫిడిక్ ఒక ఫారం అంటూ ఏమీ పెట్టలేదు. క్లాజ్ నంబర్ రాయకపోయినా పర్లేదు. అయినా ఈ ఘటన వల్ల అదనపు గడువో డబ్బో అడుగుతున్నామన్న సంగతి ఆ మాటల్లో కనబడాలి. మెయిల్‌లో ఉన్నది కొలతకు పిలుపు మాత్రమే. బోర్డు ఒప్పుకోలేదు.

కాంట్రాక్టర్‌ని కాపాడింది వేరే వాదన. జిబ్రాల్టర్ తీర్పులోనే, గడువు పొడిగింపు హక్కు ఆలస్యం జరగబోతోందని తేలినప్పుడైనా, ఆలస్యం నిజంగా మొదలైనప్పుడైనా పుట్టవచ్చని, రెండింట్లో ముందుదాన్నే పట్టుకోవాలన్న మాట ఒప్పందంలో లేదని జడ్జి అన్నారు. ఇక్కడ 90 నుంచి 104 దాకా తవ్వకం ప్రోగ్రామ్ వేగంతోనే నడిచింది, ఎందుకంటే బ్రేకర్ వచ్చేలోగా మెత్తటి భాగాన్ని ముందు తీశారు. వెనకబడటం 104న మొదలైంది. అక్కడి నుంచి 28 రోజులు లెక్కిస్తే 132. నోటీసు లోపలే పడింది. ఖర్చు విషయంలో బోర్డు 127 నుంచి 28 రోజులు వెనక్కి వెళ్లి, 99వ రోజుకు ముందు తీసిన 190 ఘనపు మీటర్ల అదనపు ఖర్చును పక్కన పెట్టింది.

ఈ వాదన ప్రతిచోటా నెగ్గుతుందని అనుకోవద్దు. నోటీసు షరతును కఠినంగా చదివే ట్రిబ్యునల్ అయితే రాతి క్లెయిమ్ మొత్తం పోయేది: 24 రోజుల డ్యామేజెస్ 144, పొడిగింపు ఖర్చు 35.10, బ్రేకర్ ఖర్చు 32.76, ప్రధాన కార్యాలయపు ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చు) 24. వెరసి 235.86 యూనిట్లు. తొమ్మిది రోజుల అలసత్వం పణంగా పెట్టిన మొత్తం అది. నోటీసుకు కావాల్సింది ఐదారు వాక్యాలే: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు ఊహించలేకపోయాం, గడువు మీద ఖర్చు మీద ప్రభావం ఉంటుంది, వివరాలు తర్వాత ఇస్తాం. మొత్తం ఎంతో తెలియక ఆగేవాళ్లే ఎక్కువ. నోటీసులో అంకె అడగరు. అంకెలు, ఆధారాలతో కూడిన పూర్తి క్లెయిమ్‌కు ఘటన తెలిసిన రోజు నుంచి 42 రోజులు. ఘటన ఇంకా సాగుతుంటే నెలనెలా మధ్యంతర క్లెయిములు. 2017 ఎడిషన్‌లో పూర్తి క్లెయిమ్‌కు 84 రోజులు చేశారు, 28 మాత్రం అలాగే ఉంది. ఆ ఎడిషన్‌లో ఇంకో మార్పు: నోటీసు ఆలస్యమైందని ఇంజనీర్ 14 రోజుల్లో చెప్పకపోతే అది చెల్లిన నోటీసుగానే లెక్క.

కొత్త రేటు ఎందుకు రాలేదు

రాతి పరిమాణం సుమారు 156 శాతం పెరిగింది కదా అని కాంట్రాక్టర్ క్లాజ్ 12.3 కింద కొత్త రేటు కోరాడు. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లోని రేటు (బిల్లు రేటు) ఘనపు మీటరుకు 0.050, అడిగింది 0.082, అదీ మొత్తం 4,600కీ. తేడా 147.20.

12.3కు షరతులు ఉన్నాయి, అన్నీ కలిసి నెరవేరాలి. పరిమాణం 10 శాతానికి మించి మారాలి: మారింది. మార్పును రేటుతో గుణిస్తే ఒప్పంద విలువలో 0.01 శాతం దాటాలి: 2,800ను 0.05తో గుణిస్తే 140, హద్దు 1.2, దాటింది. ఆ పరిమాణ మార్పు నేరుగా యూనిట్ ఖర్చును 1 శాతానికి మించి మార్చాలి: ఇక్కడ ఆగిపోయింది. టెండర్ రేటును రిప్పర్ బిగించిన ఎక్స్‌కవేటర్‌తో మెత్తబడ్డ రాయి తీసే పద్ధతికి కట్టారు. ఖర్చు పెరిగింది రాయి గట్టిదై బ్రేకర్ పెట్టాల్సి వచ్చినందుకు. పరిమాణం పెరగడం దానికి కారణం కాదు. నాలుగోది, ఆ పనిని ఒప్పందంలో స్థిర రేటుగా పేర్కొని ఉండకూడదు. దాని మీద వాదన లేదు.

దారి తప్పు, డబ్బు మాత్రం న్యాయమైనదే. బోర్డు దాన్ని 4.12 కిందికి మళ్లించింది. బ్రేకర్ షీట్ల నుంచి లెక్కేస్తే నిజమైన ఖర్చు ఘనపు మీటరుకు 0.071. బిల్లు రేటు పోగా 0.021. దక్షిణ భాగపు 1,750లో 190 తీసేస్తే 1,560, గుణిస్తే 32.76.

క్లెయిమ్‌లో ప్రత్యామ్నాయ క్లాజులు రాసి ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. "12.3 కింద, లేదా 4.12 కింద" అన్న ఒక్క వాక్యం లేకపోతే ఈ మొత్తం సున్నా అయ్యేది.

డ్రాయింగులు, ఆగిపోయిన క్రేన్

105వ రోజున యజమాని పంపు మోడల్ మార్చాడు. రాఫ్ట్ మందం, స్టీలు, సంప్ స్థానం మారాయి. కాంట్రాక్టర్ 120వ రోజున పంపిన లేఖ ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా చక్కటి పత్రం. డ్రాయింగుల ఆలస్యం గురించిన క్లాజ్ 1.9, ఆలస్యమయ్యాక ఫిర్యాదు చేస్తే ఒప్పుకోదు. ముందే నోటీసు కోరుతుంది. ఏ డ్రాయింగ్ కావాలి, ఎందుకు, ఏ తేదీలోగా, రాకపోతే ఏ పని ఎన్ని రోజులు ఆగుతుంది. లేఖలో ఈ నాలుగూ ఉన్నాయి: రాఫ్ట్ స్టీలు కటింగ్, బెండింగ్‌కు 18 రోజులు పడుతుంది, 158న స్టీలు పరచాలంటే 140లోగా డ్రాయింగ్ కావాలి.

ఆమోదించిన డ్రాయింగ్ 178న వచ్చింది. కాంట్రాక్టర్ 38 రోజులు అడిగాడు. కానీ ఇంజనీర్ 160వ రోజున ముసాయిదా డ్రాయింగ్ మెయిల్ చేశాడు, కడ్డీలు వంచడం దాంతోనే నడిచింది. 178న ఆమోదం రాగానే అదే రోజు స్టీలు దింపారు. కాబట్టి గొయ్యిలో పని నిజంగా ఆగింది 158 నుంచి 178 దాకా, 20 రోజులు.

ఈలోగా కాంట్రాక్టర్ క్రేన్ 163 నుంచి 175 దాకా మూలపడింది. డ్రాయింగ్ ఉన్నా ఆ 12 రోజులు స్టీలు దింపలేరు. "డ్రాయింగ్ లేదు కదా అని తీరిక చూసుకుని సర్వీసుకు పంపాం" అని కాంట్రాక్టర్ అన్నాడు. యజమాని వల్ల పని ఎలాగూ ఆగినప్పుడు కాంట్రాక్టర్ తన వేగం కావాలని తగ్గించుకోవచ్చు, అందులో తప్పులేదు. కానీ ఆ నిర్ణయం అప్పుడే రాతలో ఉండాలి. ఇక్కడ లేఖ లేదు, పైగా వర్క్‌షాప్ స్లిప్‌లో "హాయిస్ట్ బ్రేక్ ఫెయిల్" అని ఉంది. అది బ్రేక్‌డౌన్.

రెండు పక్షాల ఆలస్యం ఒకేసారి పడ్డప్పుడు గడువు ఇస్తారు, విడదీయలేని ఖర్చు ఇవ్వరు. ప్రోటోకాల్ దారీ అదే. బోర్డు 20 రోజుల గడువు, 8 రోజుల డబ్బు ఇచ్చింది. దీన్ని గట్టిగా ప్రశ్నించవచ్చని మా అభిప్రాయం. డ్రాయింగ్ ఆలస్యం 158 నుంచే నడుస్తోంది. ఆ తర్వాత పాడైన క్రేన్ పూర్తి తేదీని ఒక్క రోజు కూడా జరపలేదు. రెండో పక్షం తప్పుకు అసలు ప్రభావమే లేదని వాదించే వీలుంది. అద్దె క్రేన్ సిద్ధంగా ఉందని చూపే ఒక్క కొటేషన్ ఫైల్లో ఉంటే ఆ వాదన నిలబడేది. ఆ 12 రోజుల విలువ, లాభం, ప్రధాన కార్యాలయపు ఓవర్‌హెడ్ కలిపి 38.46 యూనిట్లు.

రోజులు కూడాక డబ్బు

32, 24, 20 కలిపి 76 రోజులు. సవరించిన గడువు 616వ రోజు, పని ముగిసింది 655న. డ్యామేజెస్ 39 రోజులకే: 234 యూనిట్లు. యజమాని కోసిన 690లో 456 తిరిగి ఇవ్వాలి. కాంట్రాక్టర్‌కి ఈ వివాదంలో దక్కిన అతి పెద్ద మొత్తం ఇదే. అతని క్లెయిమ్ ఫైల్లో మాత్రం గడువు విశ్లేషణకు రెండు పేజీలు, డబ్బుకు మూడు వాల్యూములు కేటాయించారు. పైగా ప్రాజెక్టే 115 రోజులు ఆలస్యమైతే 118 రోజులు అడగడం వల్ల మిగతా లెక్కల మీద కూడా అనుమానం పడింది.

| పద్దు | అడిగింది | వచ్చింది |
|---|---|---|
| సైట్ ఓవర్‌హెడ్ పొడిగింపు | 295.00 | 89.70 |
| ప్రధాన కార్యాలయం | 209.78 | 32.00 |
| రాతి రేటు | 147.20 | 32.76 |
| పని వేగం తగ్గుదల | 180.00 | 8.64 |
| మొత్తం | 831.98 | 163.10 |

సైట్ ఓవర్‌హెడ్‌లో ప్రిలిమినరీస్ (సైట్ నిర్వహణ పద్దులు) మొత్తం 1,350ని 540తో భాగించి రోజుకు 2.5 చొప్పున 118 రోజులకు వేశారు. టెండర్ సగటు చెల్లదు. ఆలస్యం ప్రభావం పడ్డ ఆ రోజుల్లో నిజంగా అయిన ఖర్చు కావాలి. స్థలం కోసం ఎదురుచూసినప్పుడు సైట్‌లో సగం సిబ్బంది కూడా లేరు: రోజుకు 1.1. రాతి దశలో 1.9, డ్రాయింగ్ దశలో 2.1. స్థలానికి 32 రోజులకు 35.20, దాని మీద 5 శాతం లాభంతో 36.96. రాతికి 24 రోజులకు 45.60, ఇందులోంచి 10.50 తగ్గించారు. అదనపు రాతికి బిల్లు రేటులో చెల్లించిన 87.50లో 12 శాతం ఓవర్‌హెడ్ అప్పటికే ఉంది, రెండోసారి ఇవ్వరు. మిగిలింది 35.10. డ్రాయింగ్‌కు 8 రోజులు, లాభంతో 17.64. ఓవర్‌హెడ్ రెండుసార్లు లెక్కలోకి రావడం పరిమాణం పెరిగిన ప్రతి పనిలోనూ ఉండే సమస్య. కాంట్రాక్టర్ తానే ఆ మినహాయింపు చూపిస్తే అతని లెక్క మీద నమ్మకం పెరుగుతుంది.

ప్రధాన కార్యాలయానికి హడ్సన్ సూత్రం వాడారు: టెండర్‌లో వేసుకున్న 8 శాతాన్ని ఒప్పంద విలువతో గుణించి, గడువుతో భాగించి, ఆలస్యపు రోజులతో గుణించడం. ఆ శాతంలో లాభం కలిసి ఉంది, 4.12 లాభం ఇవ్వదు. అదీకాక టెండర్ శాతం ఊహ మాత్రమే. బోర్డు ఎమ్డెన్ సూత్రానికి మారి ఆడిట్ అయిన ఖాతాల నుంచి 4.5 శాతం తీసుకుంది: రోజుకు సరిగ్గా 1.0. అయినా ఆ రోజుల్లో మనుషులు ఇక్కడ ఇరుక్కుపోయి వేరే పని చేజారిందని చూపాలి. 120, 165 తేదీల్లో రెండు టెండర్లకు "కీలక సిబ్బంది ఖాళీ లేరు" అని రాసి తిరస్కరించిన లేఖలు దొరికాయి. రాతి, డ్రాయింగ్ దశలకు 32 రోజులు ఇచ్చారు. స్థలం దశకు అలాంటి కాగితం లేదు.

పని వేగం తగ్గుదల కింద అడిగిన 180 నిజానికి మొత్తం కూలీ ఖర్చుకూ టెండర్ అంచనాకూ ఉన్న తేడా. దాన్లో టెండర్ తక్కువ వేయడం, సొంత లోపాలు, యజమాని కారణాలు అన్నీ కలిసిపోయాయి. ఇలాంటి గంపగుత్త క్లెయిమ్‌లో ఏ కారణానికి ఎంతో చెప్పలేరు. ఒక్క చోట మాత్రం విడదీయగలిగారు. పంప్‌హౌస్ గోడల్లో పైపు స్లీవ్ డ్రాయింగులు ముక్కలు ముక్కలుగా వచ్చి షట్టరింగ్ ముఠా మళ్లీ మళ్లీ విప్పి బిగించింది. అదే ముఠా పక్కనున్న క్లారిఫయర్ (నీళ్లు తేటపరిచే తొట్టి) గోడలకు ఆటంకం లేకుండా చదరపు మీటరుకు 1.6 మనిషి గంటల్లో షట్టరింగ్ చేసింది, ఇక్కడ 2.1 పట్టింది. లోతు, ఎత్తు తేడాలకు 0.2 తీసేశారు. 0.3ను 2,400 చదరపు మీటర్లతో గుణిస్తే 720 గంటలు, గంటకు 0.012 చొప్పున 8.64. చిన్న మొత్తమే. అయినా ఈ పద్ధతిని మిగతా పనులకూ వర్తింపజేసే వీలుండేది, టైమ్ షీట్లలో నిర్మాణం పేరు రాసి ఉంటే. చాలావాటిలో "సైట్ జనరల్" అని ఉంది.

ఖర్చు కోడ్ సంగతీ ఇదే. రాయి తగిలిన రోజున దానికో కొత్త కాస్ట్ కోడ్ తెరిచి డీజిల్, ఉలులు, అద్దెలు, సబ్ కాంట్రాక్టర్ బిల్లులు అందులో వేయాలి. ఇక్కడ అన్నీ "ఎర్త్‌వర్క్" కోడ్‌లోనే పడ్డాయి. 0.071 అన్న అంకె రావడానికి వోచర్లన్నీ తిరగేసి, షీట్లతో జత చేయాల్సి వచ్చింది. జత కుదరనివి వదిలేశారు. నెలవారీ కాస్ట్ రిపోర్ట్‌లో రాతి తవ్వకం నష్టంలో ఉన్నట్టు 130వ రోజుకే కనిపించేది, కోడ్ వేరుగా ఉండి ఉంటే.

యజమాని చేసిన తప్పు

690 యూనిట్లు కోసే ముందు యజమాని క్లాజ్ 2.5 కింద తన క్లెయిమ్‌కు నోటీసు, వివరాలు ఇచ్చి ఇంజనీర్ నిర్ణయం తీసుకోవాలి. నేరుగా బిల్లులోంచి కోసుకోవడానికి వీల్లేదు. ఎన్.హెచ్. ఇంటర్నేషనల్ కేసులో 2015లో ప్రివీ కౌన్సిల్ ఈ క్లాజ్‌ను గట్టిగా చదివింది: సరైన నోటీసు ఇవ్వని క్లెయిమ్‌ను యజమాని తర్వాత మినహాయింపు రూపంలో కూడా తెచ్చుకోలేడు. ఇక్కడ బోర్డు తేల్చిన 39 రోజుల ఆలస్యాన్ని కాంట్రాక్టర్ ఒప్పుకున్నాడు కాబట్టి 234 మీద వాదన రాలేదు.

మిగతా 456 మీద క్లాజ్ 14.8 కింద ఫైనాన్సింగ్ ఛార్జీలు పడ్డాయి: సెంట్రల్ బ్యాంక్ డిస్కౌంట్ రేటు మీద 3 శాతం, నెలవారీ చక్రవడ్డీ. 9 శాతం చొప్పున 200 రోజులకు సాధారణ వడ్డీయే సుమారు 22.5 యూనిట్లు. రాతి విషయంలో బోర్డు ఇచ్చిన బ్రేకర్ ఖర్చులో మూడింట రెండొంతులంత మొత్తం ఇలా యజమానికి వడ్డీకే పోయింది.

ఇంజనీర్ కూడా పూర్తి క్లెయిమ్ అందిన 42 రోజుల్లో స్పందించలేదు. వేచి చూద్దామన్న ధోరణి వల్ల స్థలం క్లెయిమ్ లాంటి తేలికైనవి కూడా చివరిదాకా పేరుకుపోయాయి. 100వ రోజు నాటికే ఆ 32 రోజులు ఇచ్చేసి ఉంటే గడువు సరిచేసుకుని, తర్వాతి ప్రోగ్రామ్ నిజమైన తేదీలతో నడిచేది. 

బోర్డు, ఆ తర్వాత

వివాదాన్ని బోర్డుకు పంపిన రోజు నుంచి 84 రోజుల్లో నిర్ణయం రావాలి. వచ్చింది. అసంతృప్తి ఉన్నవారు 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇస్తే 56 రోజులు రాజీ ప్రయత్నం, అప్పటికీ కుదరకపోతే ఆర్బిట్రేషన్. నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా నిర్ణయాన్ని వెంటనే అమలు చేయాల్సిందే. "ఆర్బిట్రేషన్‌కు వెళ్తున్నాం" అని చెల్లింపు ఆపడానికి కుదరదు. కాంట్రాక్టర్ 12 రోజుల క్రేన్ డబ్బు కోసం వెళ్లాలా అని ఆలోచించాడు. 38.46 కోసం నిపుణులు, న్యాయవాదుల ఖర్చు అంతకు మించుతుంది, పైగా అవతలివాళ్లు నోటీసు విషయాన్ని మళ్లీ తోడి 235.86ని ప్రమాదంలో పెట్టగలరు. ఎవరూ నోటీసు ఇవ్వలేదు. 28 రోజులు దాటాక నిర్ణయం ఇద్దరికీ అంతిమమైంది.

మిగిలింది ఖాతా ముగింపు. టేకింగ్ ఓవర్ సర్టిఫికెట్ (యజమాని పనిని స్వాధీనం చేసుకున్నట్టు పత్రం) వచ్చిన 84 రోజుల్లో ఇచ్చే స్టేట్‌మెంట్‌లో, పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ (లోపాల సవరణతో సహా బాధ్యతలు ముగిసినట్టు పత్రం) వచ్చిన 56 రోజుల్లో ఇచ్చే ఫైనల్ స్టేట్‌మెంట్ ముసాయిదాలో, ఈ 163.10, తిరిగి రావాల్సిన 456, ఫైనాన్సింగ్ ఛార్జీలు మూడూ విడివిడి వరుసలుగా రాయాలి. క్లాజ్ 14.14 ప్రకారం ఫైనల్ స్టేట్‌మెంట్‌లో, టేకింగ్ ఓవర్ వరకు సంబంధించినవైతే మొదటి స్టేట్‌మెంట్‌లో కూడా, లేని మొత్తానికి యజమాని బాధ్యుడు కాడు. ఇక బాకీ ఏమీ లేదని రాసిచ్చే డిశ్చార్జ్ లేఖ మీద సంతకం పెట్టేముందు పెండింగ్ వడ్డీ లెక్కను అందులో మినహాయింపుగా పేర్కొన్నారో లేదో చూసుకోవాలి. ఈ కేసులో ముసాయిదాలో ఫైనాన్సింగ్ వరుస లేదు. అకౌంట్స్ విభాగం సరిచూసే దశలో పట్టుకుని చేర్చింది.